కోటేష్ గుండె ఆగిన రోజు

వరుసగా ఆరో రాత్రి డ్యూటీ ముగించుకుని పాల్వంచలోని క్వార్టర్‌కు వచ్చిన కోటేష్, ఆ రోజు సాయంత్రం దాకా నిద్రపోవాలని నిశ్చయించుకున్నాడు. భార్య ప్రమీల పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళిపోయింది. ఫోన్ ఆపేసి, తలుపు గడియపెట్టి పడుకున్నాడు.

అదే సమయానికి ఖమ్మంలోని ఒక ల్యాబ్‌లో అతని మరదలు సువర్ణ దిగులుగా కూర్చుని ఉంది. కొత్త మందులను మనుషులకు ఇచ్చేముందు పరీక్షించడానికి అక్కడ, రక్తం ఇచ్చినవారి కణాల నుంచి, శనగగింజంత గుండెలు పెంచుతారు. అవి నిజం గుండెల్లాగే కొట్టుకుంటాయి. గుర్తు కోసం రక్తం ఇచ్చినవారి పేరే పెడతారు. నిరుడు మరదలి మాట కాదనలేక కోటేష్ కూడా రక్తం ఇచ్చాడు.

"సార్, కోటేష్ గుండె ఆగిపోయింది. గంట నుంచి చూస్తున్న, కొట్టుకుంటలేదు," అని సువర్ణ పైఅధికారికి వాయిస్ మెసేజ్ పంపింది. అది పొరపాటున చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడింది. ఆమె చూసుకోకుండా, ఫోన్ బయట పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి చండ్రుగొండ నుంచి మామ వీరన్న రెండు ఆటోల నిండా జనంతో, చేతిలో పూలదండతో దిగాడు. ఏడుపులకు మెలకువ వచ్చి కోటేష్ తలుపు తీశాడు. ఏడుపులు ఆగాయి. వీరన్న దండను మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ళు సువర్ణ మెసేజ్ వినిపించాక, తాను బాగానే ఉన్నానని, కాసేపు పడుకుంటానని కోటేష్ చెప్పినా ఎవరికీ నమ్మకం కుదరలేదు.

"సువర్ణ చదువుకున్న పిల్ల. గుండె సంగతి దానికి తెల్వదా, అల్లుడా?" అన్నాడు వీరన్న.

"అది ల్యాబ్‌ల పెంచిన గుండె మామా. నాది నా లోపల్నే ఉంది."

"ఉంటే ఉండనీ. ఒక్కసారి చూపిద్దాం, నడువ్."

వాదించే ఓపిక లేక కోటేష్ ఆటో ఎక్కాడు. కబురు తెలిసి బడి నుంచి దవాఖానాకు పరుగెత్తుకొచ్చిన ప్రమీల అతన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"ఫోన్ ఎందుకు బంద్ చేసినవ్?" అని మాత్రం అడిగి, కళ్ళు తుడుచుకుంది.

ఈసీజీ తీసిన డాక్టర్ కోటేష్ గుండెకు ఏమీ లేదన్నాడు. పక్కనే చెమటలు కక్కుతున్న వీరన్నకు బీపీ చూస్తే రెండువందలు దాటింది. ఈరోజు రాకపోతే ప్రాణం మీదికి వచ్చేదని వెంటనే మంచం ఎక్కించాడు. దగ్గర కూర్చునే పని అల్లుడికి పడింది.

మధ్యాహ్నం సువర్ణ అక్కకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ల్యాబ్‌లో గుండెను వెచ్చగా ఉంచే పెట్టె మూత సరిగా పడక, చల్లబడి గుండె ఆగిందట, వెచ్చబెట్టగానే మళ్ళీ కొట్టుకుంటోందట.

సాయంత్రం దాకా చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి వీరన్నను పలకరించారు. వెళ్తూ వెళ్తూ కోటేష్‌తో, మనిషి బాగా నీరసంగా ఉన్నావని, ఎందుకైనా మంచిది ఒకసారి గుండె చూపించుకొమ్మని చెప్పి వెళ్ళారు.