సూటు ఫొటో కింద చిన్నక్షరాలు

నర్సాపురంలో లేసు అల్లే ఆడవాళ్లకు లెక్కలేదు గానీ, లేసు పేరు చెప్పి సూటు కుట్టించుకున్న మగవాడు మాత్రం జీవరాజు ఒక్కడే.

అల్లేదీ, పదిమంది చేత అల్లించేదీ అతని భార్య రూతు. జీవరాజు పార్సిళ్లకు తాడు కట్టేవాడు, అదీ వదులుగా. అందుకే ఊరంతా అతన్ని "రూతమ్మగారి ఆయన" అనేది. ఆ పిలుపు వింటే పాపం అతనికి అన్నం సయించేది కాదు. చర్చిలో ఒక్కసారైనా "జర్మనీ జీవరాజు గారు" అనిపించుకుని చావాలని అతని కోరిక.

అందుకే తమ లేసు కంపెనీ వెబ్‌సైటును జర్మనీ వాళ్ల భాషలో, వాళ్ల పద్ధతిలో మార్చమని పాలకొల్లు నెట్ సెంటరు కిరణ్ కుమార్‌కు పురమాయించాడు. మొదటి పేజీ చూసి రూతు బుగ్గలు నొక్కుకుంది.

"ఏంటండీ ఇది? లేసు గోరంత, మీ ఫొటో కొండంతానా? ఇంతకీ అమ్మేది దేన్ని?"

"నమ్మకాన్నే, పిచ్చిదానా! జర్మనీ వాళ్లు మనిషిని చూసి కొంటారు."

"అయితే మన సరుకు మనింట్లోనే ఉంటుంది."

ఆమె బయటికి వెళ్లగానే కిరణ్ చావు కబురు చల్లగా చెప్పాడు.

"అసలు ఓనరు పేరు, అడ్రసు సైటులో వెయ్యాలండి. అక్కడి చట్టం. లైసెన్సులో ఎవరి పేరుందండి?"

రూతు వినలేదు కదా అని జీవరాజు గుమ్మం వంక చూశాడు. ఆడవాళ్లకిచ్చే బ్యాంకు లోను కోసం కంపెనీని రూతు పేరున పెట్టించింది తనే. "ఊరికే సంతకం పెట్టు, పేరుకే" అని ఆమెను నమ్మించిందీ తనే.

"నా పేరు వేసెయ్యవయ్యా!"

"అబద్ధం వేస్తే మన సరుకు ముట్టుకోరండి బాబూ."

"సరే, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వెయ్యి. మా ఆవిడకి జర్మన్ రాదు. మిగతావాళ్లకి చీమలు కనపడవు."

నెల తిరక్కుండానే జర్మనీ నుంచి హెల్గా అనే ఆవిడ మెయిలు పంపింది. తన గొప్ప కళ్లారా చూపిద్దామని జీవరాజు సూటేసుకుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని మరీ నెట్ సెంటరుకు వెళ్లాడు. కిరణ్ తెలుగులో చెప్పడం మొదలెట్టాడు.

"'రూతు గారికి నమస్కారం...'"

"ఎవరికీ?" అంది రూతు.

"'మేం ఏ సైటులోనైనా ముందు అడుగునున్న చిన్నక్షరాలే చదువుతాం. ఓనరు మీరేనని తెలిసింది. మా చర్చికి లేసు గుడ్డలు కావాలి. మీతోనే మాట్లాడతాం. ఒక్క సందేహం. ఫొటోలో సూటు ఆయన మీ దగ్గర ఏం పని చేస్తారు?'"

భూమి నోరు తెరిస్తే దూరిపోదామనిపించింది జీవరాజుకు. రూతు అతని వంక తేరిపార చూసింది.

"పేరుకే అన్నారు?"

"పేరుకే... అనే అనుకున్నాను."

"కిరణ్ బాబూ, ఈ ఫొటో తీసేసి ఇంకోటి తియ్యి. ఆయన చేతుల మీద పెద్ద టేబుల్‌క్లాత్ పరిచి నిలబెట్టు. దండెం కన్నా నయంగా ఉంటారు."

ఫొటో రోజున రూతు పైకి పైకి సర్దుతుంటే గుడ్డ గెడ్డం దాటి, కళ్లు దాటి, నెత్తి మీదికి వచ్చింది. దాని వెనక నుంచి ఏడుపు గొంతు వినిపించింది.

"ఒసేయ్, ముక్కైనా కనపడుతోందా?"

"కదలకండి, లేసు ముడతపడుద్ది."

"మరి హెల్గా గారికి ఏం రాయమంటారండి? ఈయన ఎవరని?" అన్నాడు కిరణ్.

రూతు తడుముకోలేదు. "ఏముంది, రూతమ్మగారి ఆయన అని రాయి."

జర్మనీలో కూడా జీవరాజుకు ఆ పేరే ఖాయమైంది.