ఒకటో నంబరు సీటు

శనివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ ఓబులేసు ప్రకటించాడు. "కారు బ్యాటరీ నేనే మారుస్తా. అర్ధగంట పని."

శిరీష అనుమానంగా చూసింది. "నా సీటు సెట్టింగు పోయిందంటే చూడు. పదకొండుకి కొత్తగూడ పోయి అక్కను తీసుకురావాల."

"నేనెవరనుకున్నావు? బ్యాకప్ లేకుండా ఊపిరి కూడా తీసుకోను."

నిజమే మరి. హైటెక్ సిటీలో పదిమంది లెక్కలు పోకుండా దాచిపెట్టడమే అతని ఉద్యోగం. పైగా కారు సీటు పక్కనున్న ఒకటో నంబరు బటన్ మాటే వేరు. కారు కొన్న కొత్తలో శిరీషకు నడుము నొప్పి రాకూడదని టేపు పట్టుకుని రెండు ఆదివారాలు కుస్తీ పట్టి, సీటు ఎత్తు, వాలు, అద్దాలు అన్నీ ఆ బటన్‌లో భద్రపరిచాడు. ఆమెకు తానిచ్చిన చీరలూ నగలూ దాని ముందు దిగదుడుపేనని అతని నమ్మకం.

సెల్లార్లో సిగరెట్ లైటర్ సాకెట్‌కు చిన్న బ్యాటరీ తగిలించాడు. పాతది పీకి కొత్తది పెట్టేదాకా కారుకు దాన్నుంచి కరెంటు అందుతుంది, సెట్టింగులు పోవు. దాని మీద పచ్చలైటు ముద్దుగా వెలుగుతోంది. కారులోంచి తాళంచెవి తీసేస్తే ఆ సాకెట్ కూడా ఆగిపోతుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. కొత్త బ్యాటరీ బిగించి కారు ఆన్ చేస్తే అందులోని గడియారం మళ్ళీ మొదటికొచ్చి పన్నెండు చూపించింది. ఒకటో బటన్ నొక్కాడు. చివరిసారి తాను నడిపినచోటే ఉన్న సీటు ఉలకలేదు, పలకలేదు.

కొంప మునిగింది! కొలతలు ఒక్కటీ గుర్తులేవు. ఏం చేయాలో పాలుపోక చుట్టూ చూస్తే, చీపురుతో సెల్లార్ ఊడ్చే మల్లమ్మ కనిపించింది. ఎత్తులో అచ్చం శిరీషే.

"మల్లమ్మా, కాస్త ఈ సీట్లో కూర్చో."

"అయ్యో సారూ, నాకు బండి నడుపుడు రాదు!"

"నడపొద్దులే, ఊరికే కూర్చో. ఎట్లుందో చెప్పు."

మల్లమ్మ కూర్చుంది. "జర ముంగటికి అనుండ్రి. ఇంక జర మీదికి. ఆ, గిట్ల మంచిగున్నది."

వాచ్‌మన్ నర్సయ్య అటుగా వచ్చాడు. "సారూ, డ్రైవింగ్ నేర్పుతున్నరా? మా ఇంటామెకు గూడ నేర్పుండ్రి, పుణ్యముంటది." కాదని చెప్పేలోపే ఆయన భార్యకు ఫోన్ కలిపాడు. ఆ ఫోన్ పుణ్యాన చీపుళ్ళతో సహా నలుగురు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళ వెనకే అసోసియేషన్ ప్రెసిడెంట్ రామ్మోహనరావు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఓబులేసుగారూ, కారు మల్లమ్మకి అమ్మేశారటగా? నాతో ఒక్క మాట అనొద్దండీ? పార్కింగ్ పేరు మార్చాలి కదండీ!"

"అమ్మలేదు సార్! మల్లమ్మా, నీకు దండం పెడతా, దిగు!"

"ఫొటో తీస్తేనే దిగుత. మా బిడ్డకు పంపాలె," అంటూ మల్లమ్మ హారన్ మోగించింది. ఆ మోతకు మూడో అంతస్తు నుంచి శిరీష కిందికి వచ్చింది.

"ఏందబ్బా ఈ జాతర?"

ఓబులేసు ఫొటో తీసి మల్లమ్మను దింపాడు. శిరీష సీట్లో కూర్చుని, సెల్లార్లో ఒక చుట్టు తిప్పి ఆపింది.

"ఏం చేసినావు దీన్ని?"

"పోయింది శిరీషా. నువ్వు పెట్టుకున్న నమ్మకం, నేను పడిన కష్టం, అన్నీ పోయినాయి. క్షమించు."

"పోతే పోయింది. ఈ పొద్దే నాకు ముందున్న రోడ్డు కనపడేది. రెండేండ్లుగా మెడ సాచి నడుపుతాండా."

"మరి చెప్పలేదేం?"

"టేపు పట్టుకొని అంత పాటుపడితివి. ఎట్ల చెప్పేది?"

ఓబులేసుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. మెడనొప్పిని ఆమె తన కోసమే మోసిందని తలచుకుంటే కళ్ళు చెమర్చాయి. శిరీష ఒకటో బటన్‌లో ఆ సీటును అట్లాగే భద్రపరిచి కిందికి దిగింది.

"రెండో నంబరులో నీ సీటూ పోయుంటుంది కదా. కూర్చో, ఈసారి నేను పెడతా."

ఎంతో ముచ్చటగా, పావుగంట శ్రమపడి పెట్టింది. అప్పటి నుంచి ఓబులేసు మోకాళ్ళు స్టీరింగుకు తగులుతూనే ఉన్నాయి. సీటు ఎలా ఉందని ఎవరడిగినా, బ్రహ్మాండం అంటున్నాడు.