మేక తిన్న మొదటి పేజీ

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారికి కాస్త పక్కన ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీలో జరిగిన సంగతి ఇది. ఊరి పేరు చెప్పను. చెబితే తమ వీధి సంగతి ముందు చెప్పలేదని తూర్పు వీధివాళ్ళు, వెనక చెప్పానని పడమటి వీధివాళ్ళు గొడవకొస్తారు. తూర్పు వీధి మొత్తం ఒక పార్టీ, పడమటి వీధి మొత్తం ఇంకో పార్టీ. రెంటికీ నడుమ మున్సిపల్ ఆఫీసు, ఆఫీసు గేటు ఎదురుగా ఖమర్‌బీ టీ బంకు. ఎలక్షన్లు ఇంకో నెల ఉన్నాయనగా, ఒక గురువారం పొద్దున మొదలైంది ఈ గొడవ.

ఆ పొద్దున సీనియర్ అసిస్టెంటు ఆదినారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా ఆఫీసు గోడకు జాబితా అంటించాలి. మర్నాడు కడప నుంచి వచ్చే తనిఖీ బృందాన్ని సంతోషపెట్టి పంపాలి. అది సవ్యంగా జరిగితే అతని పులివెందుల బదిలీకి సిఫారసు రాస్తానని కమిషనర్ మాటిచ్చాడు. భార్య వెంకటరమణమ్మ పులివెందుల ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్ళుగా ఆమె అక్కడ, ఇతను ఇక్కడ. మెస్సు సాంబారు తిని తిని అతని కడుపు మండిపోతోంది, అంతకంటే ఎక్కువగా మనసు.

జాబితా సంగతి ఏమిటంటే, వాతావరణ మార్పును ఎదుర్కొనే పథకం కింద ఊళ్ళో అరవై మొక్కలు నాటారు. పారదర్శకత కోసం ప్రతి మొక్కకూ ఒక బాధ్యుడు ఉండాలని, ఆ పేర్లు నలుగురికీ కనపడేలా గోడకు అంటించాలని, తనిఖీ నాడు ఆ బాధ్యుడే మొక్క పక్కన నిలబడి జవాబు చెప్పాలని పైనుంచి ఉత్తర్వు. ఇంటింటికీ తిరిగి ఒప్పించి పేర్లు రాసుకోమన్నారు. కానీ ఎండ మండిపోతోంది. ఆదినారాయణ ఫ్యాను కింద కూర్చుని, ఏ మొక్క ఎవరి ఇంటి ముందు ఉందో చూసుకుని, ఇంటిపన్ను రిజిస్టరులోంచి అరవై పేర్లు దింపేశాడు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి. ఆ అరవై మందికీ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మొదటి పేజీలో పథకం పేరు, మొక్కల వివరం, ఒక పచ్చటి ఆకు బొమ్మ. తరువాతి మూడు పేజీల్లో పేర్లు, కింద మున్సిపాలిటీ ముద్ర. మైదా గంజి బాగా పట్టించి నాలుగు పేజీలూ అంటించి అతను లోపలికి పోయాడు. అతను కుర్చీలో కూర్చునేలోపే కాటమయ్య మేకలు అటుగా వచ్చాయి. గంజి పూసిన కాగితం మేకకు విందు భోజనం. ఖమర్‌బీ టీ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి మొదటి పేజీ పూర్తయి, మేక రెండో పేజీ అంచు వాసన చూస్తోంది.

"ఓ కాటమయ్యా! నీ మేక గవర్మెంటు కాయితం తినేసెనే!" అంది ఖమర్‌బీ.

"దానికి సదువు రాదులే అక్కా. ఏం కాయితమైతే ఏంది?" అని కాటమయ్య మేకల్ని తోలుకుపోయాడు.

గోడ మీద ఇక మిగిలినవి పేర్లు మాత్రమే. ఎలక్షన్ల ముందు, ప్రభుత్వ గోడ మీద, తండ్రి పేర్లతో, ఇంటి నంబర్లతో సహా ముద్ర వేసిన మగవాళ్ళ జాబితా కనిపిస్తే ఆ ఊళ్ళో ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది. బైండోవర్. గొడవలు పెట్టుకుంటారని అనుమానం ఉన్నవాళ్ళ చేత, ఎలక్షన్లు అయ్యేదాకా బుద్ధిగా ఉంటామని ఇద్దరి జామీనుతో పోలీసులు సంతకం పెట్టించుకోవడం అక్కడ ప్రతిసారీ ఉన్నదే.

పదిగంటలకల్లా ఊరు అట్టుడికిపోయింది. పదకొండు మంది చేతికందిన చొక్కా తగిలించుకుని లింగాలకూ పెద్దముడియానికీ బస్సెక్కారు. అనుభవం ఉన్నవాళ్ళు తెల్లచొక్కాలు వేసుకుని, జామీనుదారుల్ని వెంటబెట్టుకుని తిన్నగా స్టేషనుకే పోయారు. స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ జియావుల్లా ఒక్కడే ఉన్నాడు. ఎస్సై బందోబస్తుకు కడప వెళ్ళాడు. ఇలాంటి జాబితా ఒకటి వచ్చిందని జియావుల్లాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం అతని సర్వీసులో లేదు.

"ఇప్పుడొచ్చినారా? పొద్దున్నుంచి చూస్తాండా మీ కోసం," అని గద్దించి, తెల్లకాగితాలు తీసి, ఎందుకైనా మంచిదని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు.

ఇటు మున్సిపల్ ఆఫీసుకు తూర్పు వీధి నుంచి చిన్నసుబ్బయ్య పదిమందితో వచ్చాడు. అంతమంది జనాన్ని చూసి ఆదినారాయణ పొంగిపోయాడు. పర్యావరణం మీద ఊరికి ఇంత మమకారం ఉందని అతనెప్పుడూ అనుకోలేదు.

"ఏంది సార్, మా పేర్లు ఎవురు రాసినారు?" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"నేనే అప్పా. మీరేం కష్టపడే పనిల్యా. రేపు పొద్దున కడప నుంచి ఆఫీసర్లు వస్తారు. మీరు ఎవరింటి ముందర వాళ్ళు నిలబడితే సాలు. అడిగిన దానికి నిజం చెప్పండి."

"మొగం కూడా సూస్తారా?"

"సూస్తారు. ఫొటో కూడా తీసుకుంటారు."

చిన్నసుబ్బయ్య ముఖం పాలిపోయింది. ఈసారి శానా గట్టిగా పట్టినారని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

అతను మెట్లు దిగాడో లేదో, పడమటి వీధి రంగయ్య మెట్లెక్కాడు. మొహం కందగడ్డలా ఉంది.

"తూర్పోళ్ళు ముప్పై ఆరు మంది, మేం ఇరవై నాలుగు మందేనా? ఊరంతా నవ్వుతాండారు సార్. మా వీధిలో మొగోళ్ళు లేరనుకుంటిరా? ఇంకో పన్నెండు పేర్లు రాయండి. నేను చెప్తా."

ఆదినారాయణ కళ్ళు చెమర్చాయి. అడిగి మరీ బాధ్యత తీసుకునే జనం! వెంటనే పన్నెండు పేర్లు రాసి, ముద్ర కొట్టి అంటించాడు. అరగంటలో తూర్పు వీధి మళ్ళీ వచ్చింది. సమానం కావడం వాళ్ళకు నామోషీ. ఇంకో పన్నెండు రాయించుకున్నారు. పడమటి వీధి పన్నెండు. తూర్పు పన్నెండు. పడమర పన్నెండు. మధ్యాహ్నం మూడింటికి లెక్క అరవైకి అరవై దగ్గర తేలింది. అక్కడితో రెండు వీధుల్లోనూ పేరు రాయదగ్గ మగవాళ్ళు అయిపోయారు.

మనుషులు నూట ఇరవై, మొక్కలు అరవై. పేరుండి మొక్క లేకపోతే తనిఖీలో తల ఎత్తుకోలేడు. ఆదినారాయణ నర్సరీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక ట్రాక్టరు వేప, కానుగ మొక్కలు తెప్పించాడు. నాటించడానికి వీధుల్లోకి పోయినప్పుడు గానీ పాత అరవైలో ముప్పై తొమ్మిది ఎప్పుడో ఎండి పుల్లలైపోయాయని తెలియలేదు. అతని గుండె జారిపోయింది. పులివెందుల కూడా దాంతోపాటే జారిపోయినట్టనిపించింది.

ఆ దిగులుతో టీ బంకు దగ్గర కూలబడ్డాడు. అప్పుడే జియావుల్లా కాగితాల కట్టతో వచ్చాడు.

"నీ జాబితా ప్రకారం తొంబై మంది సంతకాలు అయిపాయె సార్. మిగతావోళ్ళు యాడ ఉండారో తెలీదు."

"సంతకాలేంది? మొక్కలకు సంతకాలెందుకు?"

"మొక్కలా?"

ఖమర్‌బీకి నవ్వాగలేదు. "మొదటి పేజీ మేక తినేసె సారూ! మీరు చెట్లకు రాసినారు, వీళ్ళు బైండోవరని పరిగెత్తినారు!"

బంకు చుట్టూ నిలబడిన రెండు వీధుల జనమూ విన్నారు. టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. ఒక వేపమొక్క కోసం జామీను ఇచ్చామని తొంబై మంది మగవాళ్ళకు తెలిసిన క్షణం అది. రెండు వర్గాలూ కలిసి చేసే మొట్టమొదటి పని తనను తన్నడమే అవుతుందనుకున్నాడు ఆదినారాయణ.

"తప్పు నాదే అప్పా," అన్నాడు లేచి నిలబడి. "మిమ్మల్ని అడక్కుండా రాసినా. అందరి పేర్లూ తీసేస్తా."

చిన్నసుబ్బయ్య, రంగయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందు వాళ్ళవి తీయండి," అన్నాడు చిన్నసుబ్బయ్య.

"మేమెందుకు ఎనక్కి పోతాం? ముందు వాళ్ళను తీయించుకోమనండి," అన్నాడు రంగయ్య.

ఎవరూ పేరు తీయించుకోలేదు. అరగంటలో తూర్పు వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. పావుగంట తేడాతో పడమటి వీధిలోకి రెండు ట్యాంకర్లు వచ్చాయి. ఎండిన ముప్పై తొమ్మిది పుల్లల చోటా కొత్త మొక్కలు లేచాయి. రెండు పార్టీల నుంచీ విడివిడిగా హెచ్చరికలు అందుకున్న కాటమయ్య, మేకల్ని తోలుకుని పొద్దున్నటి పదకొండు మంది లాగే లింగాల దారి పట్టాడు.

మర్నాడు తనిఖీ బృందం అరవై మొక్కలు చూద్దామని వచ్చి నూట ఇరవై చూసింది. ప్రతి మొక్క పక్కనా ఒక తెల్లచొక్కా. పారిపోయిన పదకొండు మంది బదులు వాళ్ళ ఆడవాళ్ళు నిలబడ్డారు.

"మా ఆయన లింగాలలో దాంకోని ఉండాడు సార్. నీళ్ళు నేనే పోస్తాండా," అంది ఈశ్వరమ్మ.

అది అర్థం కాక బృందం పెద్ద ముందుకు నడిచి చిన్నసుబ్బయ్యను అడిగాడు. "ఈ మొక్కకు బాధ్యులు మీరేనా? ఖాయంగా?"

"టేసన్లో సంతకం పెట్టినా సార్. ఇద్దరు జామీను కూడా ఉండారు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంతలో చిన్నసుబ్బయ్య గొంతు తగ్గించి, "పడమటి వీధిలో పదకొండో నంబరు మొక్కకు నిన్న నీళ్ళు పోయలేదు సార్, రాసుకోండి," అన్నాడు. పడమటి వీధిలో రంగయ్య దగ్గర తూర్పు వీధి మొక్కల మీద ఒక పేజీ నిండా ఫిర్యాదులు సిద్ధంగా ఉన్నాయి. ప్రజలే ప్రజల మీద నిఘా పెట్టిన ఇలాంటి పారదర్శకత తాము ఏ జిల్లాలోనూ చూడలేదని బృందం రాసుకుపోయింది.

ఆదినారాయణ మనసొప్పక జరిగిందంతా కమిషనర్‌తో చెప్పేశాడు, మేకతో సహా. కమిషనర్ ఓపిగ్గా విన్నాడు.

"శానా బాగుంది. ఇది మాత్రం గోడకు అంటించద్దు," అన్నాడు.

"మరి నా బదిలీ సార్?"

"ఏమయ్యా, ఇంత పని చేసినోడివి, నిన్ను వదులుకుంటామా? ఇంకో రెండు వీధులుండాయి ఊళ్ళో."

ఆ రాత్రి ఫోనులో వెంకటరమణమ్మ కథంతా విని నవ్వీ నవ్వీ అలసిపోయింది. "నువ్వు రాలేకపోతే పోనీలే. ఆదివారం నేనే వస్తా. మన జామీను చెట్లు చూపిద్దువు గానీ," అంది. ఆ మాటతో అతని కడుపుమంట సగం తగ్గింది.

వారం తరువాత, పారదర్శకత కోసం ఉద్యోగుల బదిలీల జాబితా కూడా అదే గోడకు అంటించారు. ఆదినారాయణ మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. తన పేరు లేదు. పేరు లేదని ఆ గోడ ముందు నొచ్చుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళందరికీ పేరు కలిపి రాయడానికి ఒక ఆదినారాయణ ఉన్నాడు.