యాక్సిల్ చవకెందుకైంది?

ఆ కార్ల ఫ్యాక్టరీలో తయారీ ఖర్చులు లెక్కగట్టే ఆఫీసరును వెనక అందరూ భూతద్దం అనేవారు. ఎదురుపడితే సార్ అనేవారు. ఆ సార్ అనే పిలుపు మీద కూడా అతనికి అనుమానమే.

ఆ రోజుకు అతను అనుకున్న పనులు రెండే. కొత్త కారు వెనక యాక్సిల్‌కు ఉన్న రెండు డిజైన్లలో ఏది చవకో తేల్చి మేనేజరుకు చెప్పడం, మధ్యాహ్నం సెలవు పెట్టి భార్యను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం.

రెండు యాక్సిళ్లనూ ముక్కలుగా విప్పి బల్లల మీద పరిచారు. పాత రకంలో రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే దూలం. కొత్త రకంలో ఏ చక్రానిది ఆ చక్రానికి వేరు కాపురం, ఒకటి గతుకులో పడ్డా రెండోదానికి కుదుపు తగలదు. ఒక్కో చక్రాన్నీ పట్టి ఉంచడానికి బోలెడు ఇనప చేతులు. ముక్కలెక్కువ, వెల్డింగు ఎక్కువ, బిగించే కూలి ఎక్కువ. అయినా అన్నీ కూడి చూస్తే కొత్తదే చవగ్గా తేలింది.

మరొకరైతే ఎగిరి గంతేసేవారు. భూతద్దం మొహం చిట్లించాడు.

"తక్కువ పడితే మంచిదే కదా సార్?" అంది దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరమ్మాయి.

"మంచిదే. అందుకే అనుమానం."

ఇనుము మందం తగ్గించి ఉంటుందని అతనికి గట్టిగా తోచింది. తూచి చూస్తే తేలిపోతుంది. కానీ తూకం యంత్రం ఆమె గదిలోనే ఉంది. దొంగనే కాపలా పెట్టినట్టు కాదూ? ఒక ఇనప చేతిని గుడ్డసంచిలో వేసుకుని, బయట తూయించుకొద్దామని బయల్దేరాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ మర్యాదకు సంచి అందుకోబోయి, బరువుకు ముందుకు తూలాడు.

"ఏంటి సార్ ఇందులో?"

వీడు ఆ అమ్మాయి మనిషైతే? నిజం చెప్పకూడదు. "పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా," అన్నాడు నోటికొచ్చినట్టు.

"ఇంత పన్నా సార్!"

సంచీ, సంచీ తాలూకు మనిషీ మేనేజరు గదికి చేరారు. ఇంజనీరమ్మాయినీ పిలిపించారు. ఆమె ఎదుట అసలు సంగతి చెబితే జాగ్రత్తపడిపోదూ? "మా బామ్మర్దికి కార్ల షెడ్డుందండీ. ఒకసారి చూపిద్దామని..." అని నసిగాడు. మేనేజరు అప్పటికప్పుడే బామ్మర్దికి ఫోను చేసి, స్పీకరు పెట్టాడు.

బావగారు ఏదో చిక్కులో పడ్డారని బామ్మర్దికి అర్థమైంది. ఒడ్డున పడేయడం తన ధర్మమనుకున్నాడు. "అయ్యో, బావగారు తేవడం మామూలేనండీ! ఏ సామాను కావాలన్నా ఆయనే తెచ్చిపెడతారు. దేవుడులాంటి మనిషి!"

భూతద్దానికి ఇల్లు గుర్తొచ్చింది. ఉద్యోగం ఊడితే ఇంట్లో ఏమని చెప్పాలి?

"ఎప్పట్నుంచయ్యా ఈ వ్యాపారం? పద, నీ బీరువా తియ్యి," అంటూ లేచాడు మేనేజరు.

"నన్నే అనుమానిస్తున్నారా సార్?" అన్నాడు భూతద్దం. ఆ మాట ఇంత మంట పెడుతుందని అతనికి అంతవరకు తెలియదు.

బీరువా పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. ఇంజనీరమ్మాయి మూత తీసి కెవ్వుమంది.

"నా రబ్బరు బుష్షులు! ఇవి రాలేదని సప్లయర్ని ఎన్ని తిట్లు తిట్టానో! మీరు లెక్కలో కలిపే ఉంటారనుకున్నా సార్!"

ఇనప చేతుల కొసల్లో బిగించే బుష్షులవి. ఖరీదైన సరుకు. ఎవరైనా కాజేస్తారేమోనని, వచ్చిన రోజే వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది భూతద్దమే. ఆపైన మరిచిపోయాడు. బల్ల మీద లేవు గనక లెక్కలోకీ రాలేదు.

ఇక దాచలేక తూకం సంగతంతా చెప్పేశాడు. "మా బామ్మర్దికి ఇంతవరకు ఒక్క ఇనప మేకు కూడా ఇచ్చిన పాపాన పోలేదండీ!"

"అది మాత్రం నమ్ముతా," అన్నాడు మేనేజరు.

ఇనప చేతిని తూస్తే డ్రాయింగులో ఉన్నంత బరువే ఉంది. బుష్షులు కలిపి మళ్లీ కూడితే కొత్త యాక్సిలే ఖరీదని తేలింది. అమ్మాయి మొహం వాడిపోయింది.

"చూశారా! లెక్కలో మోసముందని నాకు ముందే తెలుసు!" అన్నాడు భూతద్దం ఉత్సాహం పట్టలేక.

"మోసమూ దొరికింది, చేసినవాడూ దొరికాడు," అన్నాడు మేనేజరు. తర్వాత లెక్క వైపు ఇంకోసారి చూశాడు. "తేడా ఇంతేనా? ఈ మాత్రానికి పాతదే పెట్టి గతుకుల్లో జనం నడుములు విరగ్గొట్టడమెందుకు? కొత్తదే కానిద్దాం. నువ్వు మాత్రం ఆ బీరువా తాళంచెవి అమ్మాయికిచ్చెయ్."

భూతద్దం తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దానికి జోడీ ఇంకొకటుందా అని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.