దవడల్లో చేతి సామాను

ఒక పెద్ద అడవిలో ఇంకా పెద్ద లోయ ఒకటి ఉండేది. నడిచి దాటాలంటే కాళ్లు పడిపోయేవి. అందుకని గద్దలు బుట్టలు కట్టి జంతువులను ఎగరేసుకుపోవడం మొదలుపెట్టాయి. ఎగరడం అంటూ మొదలయ్యాక తనిఖీ ఉండొద్దూ? ఆ కుర్చీలో కోతి మర్కటరావు కూర్చున్నాడు.

ఓ రోజు ముళ్లపంది అచ్చియ్యమ్మ జాడీ ఒకటి గుండెకు హత్తుకుని వచ్చింది. అవతలి గట్టున కూతురు బుల్లెమ్మకి వేవిళ్లు. మెతుకు ముడితే వాంతి. "అమ్మా, నీ చేతి ఉసిరావకాయ ఉంటే నాలుగు ముద్దలు దిగుతాయే" అని కబురు పెట్టింది. తల్లి ప్రాణం ఊరుకుంటుందా?

"ఏవమ్మోయ్, ఆ ముళ్లేమిటి? మొనదేలినవేవీ బుట్టలోకి కుదరవు," అన్నాడు మర్కటరావు.

"ఇవి సామాను కాదు బాబూ, నేనే!"

"తీసి పక్కన పెట్టెళ్లు. తిరిగొచ్చేటప్పుడు తీసుకుందువుగాని."

"మరి ఆ గద్దగారి గోళ్లో?"

"వారు సిబ్బంది. ఎక్కువ మాట్లాడకు."

చేసేది లేక ఒళ్లంతా అరటాకులు చుట్టించుకుని పొట్లంలా నిలబడింది పాపం. అప్పుడు పడింది ఆయన కన్ను జాడీ మీద. వేలు ముంచి నాకాడు. మొహం వెలిగిపోయింది.

"నూనె! ద్రవపదార్థం! నిషేధం! ఆ చంకలో సొరకాయ బుర్రలో ఏమిటి, నీళ్లా? అదీ నిషేధమే, పారబొయ్."

పొద్దున్నుంచీ అందరి నీళ్లూ అలాగే పారబోయించాడు. ఆ చుట్టుపక్కల చుక్క మిగల్లేదు.

"కడుపుతో ఉన్న పిల్ల నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా," అని ఏడ్చింది అచ్చియ్యమ్మ.

"రూలు రూలే. విన్నావా గవరయ్యా? మా నాన్నొచ్చినా ఇంతే, నేనొచ్చినా ఇంతే!"

గవరయ్య అంటే వాసన పట్టే ముంగిస. పై అధికారి ఏదంటే అదే వేదమనుకునే అమాయకుడు. "చిత్తం" అని తలూపాడు.

ఆ బుట్టలోనే మర్కటరావు అత్తారింటికి బయల్దేరాడు. అచ్చియ్యమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకునేలోగా, దేవుడు కోతులకిచ్చిన దవడ సంచుల్లో ఆ జాడీలోని ఉసిరికాయలు కుక్కుకుని, ఏమీ ఎరగనట్టు వరసలో నిలబడ్డాడు.

గవరయ్య ముక్కు ఎగబీల్చాడు. "అయ్యా, తమరి దవడ సంచుల్లో నూనె వస్తువుంది. నోరు తెరవాలి."

"ఊఁ... ఊఁ..." అంటూ కళ్లెర్రజేశాడు దొర. నోరు ఖాళీ ఉంటే కదా తిట్టడానికి!

"తమరొచ్చినా ఇంతే అన్నారు కదండీ," అంటూ గవరయ్య ఆయన బుగ్గ మీద చెయ్యి వేశాడు.

పరువు పోతుందని మర్కటరావు అంతా ఒక్క గుటకలో మింగేశాడు. అచ్చియ్యమ్మ మిరపకారం సామాన్యమైందా! చెవుల్లోంచి పొగలొచ్చాయి. "నీళ్లు! నీళ్లు!" అంటూ ఖాళీ బుర్రలన్నీ వంపి చూసి, తోక పైకెత్తి ఎక్కడో దూరాన ఉన్న ఏటి వైపు లగెత్తాడు.

"గవరయ్యా, మరి నా జాడీ?" అంది అచ్చియ్యమ్మ మెల్లగా.

"నిషేధించే ఆయన ఏట్లో ఉన్నారమ్మా. ఆయనొచ్చేలోపు ఎక్కేసెయ్."

ఆ పూట బుల్లెమ్మ అడిగి మరీ మారుముద్ద తింది. అచ్చియ్యమ్మ కడుపు నిండిపోయింది.

మర్నాడు తనిఖీ గుమ్మం దగ్గర కొత్త పలక వేలాడింది: "అధికారుల దవడలు సామాను కిందికి రావు."

నీతి: ఎదుటివాడి పచ్చడి మీద కన్నుంటే, వాడి నీళ్లు మాత్రం పారబోయించకండి.