అంగి జేబులో పెన్‌డ్రైవ్

హుజూరాబాద్‌లో రాజేశానికి తెలియని విద్య లేదు, పూర్తిగా తెలిసిన విద్యా లేదు. వీడియోలు చూసి ఇంట్లో కంప్యూటర్‌కు లైనక్స్ ఎక్కించిన నాటి నుంచి, తనను ఎవరైనా ఇంజనీరుసాబ్ అంటారేమోనని అతని ఆశ. ఆ కంప్యూటర్ మీద భార్య కోమల ఎంబ్రాయిడరీ మిషన్ నడుస్తుంది. ఆ మిషన్ మీద ఇల్లు నడుస్తుంది.

ఎల్లుండి భైంసాలో కోమల తమ్ముని కొడుకుకు పుట్టువెంట్రుకలు; రేపే బస్సెక్కాలి. ఎల్లుండే చొప్పదండి మామిడితోటలో రాజేశం దోస్తుల దావత్. బావమరిది ఇంట్లో మొక్కు కాబట్టి పప్పన్నం, తోటలో తలకాయ కూర. మనిషన్నవాడు ఏం చేస్తాడు?

కంప్యూటర్ లేచేటప్పుడు ఏయే డిస్కుల కోసం చూడాలో రాసిపెట్టే ఫైలు ఒకటుంది. రాజేశం సాయంత్రమే అందులో తన పెన్‌డ్రైవ్‌ను కూడా చేర్చాడు. తర్వాత దాన్ని పీకి, కొయ్యకున్న పాత అంగి జేబులో దాచాడు. ఇక అది గుచ్చనిదే కంప్యూటర్, మేనమామ రానిదే పెళ్లి సాగనివ్వనన్న చుట్టంలా మొరాయిస్తుంది. బాగుచేసే వంకతో తాను ఆగిపోవచ్చు. కోమల బస్సెక్కగానే పెన్‌డ్రైవ్ గుచ్చేస్తే సరి.

పొద్దున కోమల బటన్ నొక్కింది. నల్ల తెర మీద తెల్లక్షరాలు ఎమర్జెన్సీ అంటూ నిలబడ్డాయి.

“ఏమయ్యా, గిది లేస్తలేదు!”

రాజేశం ఇస్త్రీ అంగి గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. “అయ్యో, డిస్కు దొరుకుతలేదట. దినమంతా పడ్తది. నువ్వు భైంసా పో, నేనుండి బాగుచేస్త. నా ఫికర్ చెయ్యకు.”

“నేనెట్ల పోత? స్పందన పెండ్లి జాకెట్టు సగమే అయింది. గా పిల్ల పీటల మీద ఏం తొడుక్కుంటది? గది అయ్యేదాక నేను కదల. రేపు కూడ ఇద్దరం గీన్నే కూసుందాం.”

కోమల ఇంట్లో ఉంటే ఇక తోటకు పోయేదెట్లా? “జరాగు, ఒక్కపారి చూస్త,” అని రాజేశం కొయ్య దగ్గరికి నడిచాడు. కొయ్య ఒక్కటే ఉంది.

“నా పాత అంగేది?”

“పొద్దుగాల్నె స్టీలు సామాన్ల లింగవ్వకేసిన. గీ గిన్నె ఇచ్చింది. మంచిగున్నది గదా?”

గిన్నె మంచిగానే ఉంది. అందులో రాజేశం ముఖమే బాగాలేదు.

“కంప్యూటర్ పాడైతె అంగెందుకు నీకు?”

“అది... అది నాకు కలిసొచ్చిన అంగి. అదేసుకుంటెనే రిపేరు చేతికొస్తది.” చెప్పులు కూడా మరిచి ఉరికాడు.

లింగవ్వ బస్టాండ్ దగ్గర దొరికింది. “ఇచ్చిన బట్ట మళ్ల అడుగుతరా? అయితె నా గిన్నె తే,” అంది.

“గిన్నె ఇంట్లున్నదవ్వా. మా ఆమెనడిగితె పరేషాన్ అయితది.”

“మరి ఒంటి మీదున్నదియ్యి.”

నలుగురూ చూస్తుండగా రాజేశం ఇస్త్రీ అంగి ఇచ్చేసి పాతది తొడుక్కున్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ఖాళీ. కొత్త డిస్కు చేర్చడం నేర్పిన వీడియో, నల్లతెర పడ్డాక దాన్ని తీసేయడం నేర్పలేదు. తన తలకాయ కూర కోసం ఒక పెళ్లికూతురి జాకెట్టు ఆగిపోయిందనుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి మిషన్ టకటకలాడుతోంది. కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ వేలాడుతోంది.

“గిది... నీకెట్ల?”

“బట్టలేసేముందు జేబులు చూడని ఆడిదుంటదా? కంప్యూటర్ పోతె నువ్వు అంగి కోసం ఉరుకుడు చూసినంక సమజైంది. గుచ్చి మళ్ల బటన్ నొక్కిన, లేసింది.” కోమల దారం మార్చింది. “నువ్వు ఫోన్ మరిచిపోయినవ్, నీ దోస్తు మొండయ్యన్న చేసిండు. రేపు తలకాయ కూర నీకు పక్కకు పెడ్తమన్నడు. మీరే తినున్రి, మా ఆయన భైంసా వస్తుండని చెప్పిన.”

జాకెట్టు పూర్తయింది, స్పందన ఇంటికి చేరింది. బయలుదేరేముందు రాజేశం వేరే అంగి అందుకోబోతే కోమల ఆపింది.

“గదే ఉండని. కలిసొచ్చిన అంగి గదా.”

మర్నాడు భైంసాలో అత్తగారు ఆ మాసిన అంగిని ఎగాదిగా చూసి కూతురిని పక్కకు పిలిచింది. “అల్లునికి బట్టలు పెట్టాలె. ఎసుంటి అంగి కుట్టియ్యాలె బిడ్డా?”

“ఎసుంటిదైనా సరే అవ్వా,” అంది కోమల, రాజేశానికి వినపడేలా. “జేబు మాత్రం పెట్టియ్యకు.”