అసిరమ్మ నాలుక సస్పెన్షను

సోమవారం ఉదయం పదిన్నరకు సిమ్మ అసిరమ్మ నాలుకను సస్పెండ్ చేశారు. మిగతా అసిరమ్మ యథావిధిగా విధులకు హాజరు కావచ్చునని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది.

శ్రీకాకుళంలోని రుచుల తనిఖీ కార్యాలయంలో ఆమె ఉద్యోగం పొగ రుచి చూడడం. నికరాగ్వా దేశం నుంచి వచ్చే మేలురకం చుట్టలను అక్కడ ఒకరు కాల్చి చూశాకే అమ్మకానికి వదులుతారు. ముప్ఫై ఏళ్లు చుట్టలు చుట్టిన మనిషి కనుక ఆమెను తీసుకున్నారు.

నాలుకను మూత బిగించిన సీసాలో వేసి, బీరువాలో పెట్టి, రసీదు ఇచ్చారు. మాట్లాడడానికి ఇబ్బంది కలగకుండా, రిటైరైన హెడ్ గుమాస్తా అప్పగించి వెళ్లిన నాలుకను తాత్కాలికంగా కేటాయించారు. దానికి ఏం తిన్నా ఆఫీసు టీ రుచే తెలిసేది. పైగా మధ్యమధ్య దానంతట అదే "రేపు రండి" అనేది. కోడలు రవణమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, ఆ జవాబు విని ఊరుకుంది.

పంతొమ్మిదో రోజున విచారణ జరిగింది. సహాయ రుచి అధికారి పాత్రో గారు ఫైలు తెరిచారు.

"చుట్టల పెట్టె మీద నాలుగు రుచులు రాసి ఉన్నాయి. కోకో, దేవదారు, మిరియం, తోలు. నువ్వేం చెప్పావో చదువుతాను. 'ముందు కారం. తరవాత అడుగంటిన బెల్లం పాకం. ఆఖర్న, కొండ కాలి సల్లారిన నేల. లోపలాకు నలపనేదు, మడతెట్టి పడుకోబెట్టినారు. సుట్టినావిడది ఎడం సెయ్యి. ఆ పూట ఆవిడికి ఆకలిగుంది.' ఇదేనా?"

"అదే బాబూ."

"ఆకలి జాబితాలో లేదు."

"సుట్టలో ఉంది బాబూ. సివరకొచ్చేసరికి సుట్టు వదులైపోనాది. ఆకలితో సుడితే అలాగే అవుద్ది. నాకు తెల్దేటి?"

పాత్రో గారు అసలు తప్పు చూపించారు. అసిరమ్మ ఆ చుట్టను తమ వైపు ఆడవాళ్ల అలవాటు ప్రకారం అడ్డపొగ వేసింది, అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకొని కాల్చింది. పెట్టె మీది రుచులు నిప్పు బయట ఉన్నప్పుడు వచ్చేవి. కాబట్టి ఆమె చెప్పిన రుచులన్నీ తిరగబడి వచ్చినవిగా శాఖ భావిస్తోంది.

"నిప్పు నోట్లో ఎట్టుకొని అబద్దమెలాగ సెప్తాను బాబూ?" అంది అసిరమ్మ. వెంటనే నాలుక "రేపు రండి" అంది. దాన్ని రికార్డులో చేర్చలేదు.

"ఈ నాలుగు రుచులూ తగిలాయని వేలిముద్ర వేస్తే నీ నాలుక నీకు ఇచ్చేస్తాం."

"కోకో అంటే ఏటి? నానెప్పుడూ తిన్నేదు."

"తినక్కర్లేదు. ఒప్పుకుంటే చాలు."

"మరి ఆ ఎడంసేతావిడ?"

"అలాంటి మనిషి లేదు. జాబితా చూడు."

అసిరమ్మ బీరువా వైపు చూసింది. పంతొమ్మిది రోజులుగా ఆమెకు చేపల పులుసు కూడా టీలాగే ఉంది. బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కింది. సీసా మూత తీసి నాలుకను ఇచ్చారు. బిగించుకున్నాక పరీక్షగా అదే రకం చుట్ట ఒకటి, నిప్పు బయట ఉంచి, కాల్పించారు.

"కోకో," అంది అసిరమ్మ. "దేవదారు. మిరియం. తోలు."

"చూశావా," అన్నారు పాత్రో గారు, నిజంగానే సంతోషపడి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో రవణమ్మ అన్నంలో కానాగంత చేపల పులుసు పోసింది.

"ఉప్పు సరిపోనాదేటి, సూడత్తా."

అసిరమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"కాయితం మీద ఏటి రాసుందే?"

"పులుసుకి కాయితమేటత్తా?"

"మరి నాకెలాగ తెలుస్తాదే."

రవణమ్మ లేచి క్యాలెండరులో పాత నెల చింపి, వెనకవైపు 'ఉప్పు సరిపోయింది' అని రాసి, గట్టిగా చదివి వినిపించింది. అసిరమ్మ తలాడించి కంచం ఖాళీ చేసింది.

నిజానికి ఆ రోజు రవణమ్మ ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆ సంగతి తాను తినబోతే మొదటి ముద్దలోనే తెలిసింది. కాగితం దగ్గరకు లాక్కొని ఇంకోసారి చదువుకుంది. తరవాత తింది. బాగానే ఉంది.